శుక్రవారం ఎన్నో రోజు

హేమలత ఒక పని చేస్తానంటే చేస్తుంది. ఆ మాట ఆమే చెప్పుకుంటుంది, ఎవరూ అడగకపోయినా చెప్పుకుంటుంది. అరకులో కాఫీ రైతుల సంఘం ఆఫీసుకి కొత్తగా వచ్చినవాళ్ళకి అది గొప్పలు పోవడంలా వినబడుతుంది. పాతవాళ్ళు మాత్రం నవ్వి ఊరుకుంటారు. ఎందుకంటే ఇప్పటిదాకా ఆ మాట అబద్ధమైంది లేదు.

కిందటి వానాకాలంలో సంఘం పాత సర్వర్ మూలపడింది. కొత్తది వచ్చింది, దానివెంట కొత్త తంటా వచ్చింది. పాతదాని డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, కొత్తదానిది పోస్ట్‌గ్రెస్. ఏ ఊళ్ళో ఎంత పండు కోశారు, ఏ తోటలో మిరియాల పాదులున్నాయి, ఏ వ్యాను ఏ రోజు ఎక్కడికి వెళ్ళాలి, ఇలాంటి ప్రశ్నలన్నీ పాత భాషలో రాసి ఉన్నాయి. వాటినే క్వెరీలంటారు. అన్నిటినీ కొత్త భాషలోకి మార్చాలి.

మేనేజర్ వరహాలరావుది విజయనగరం వైపు. మంచివాడే గానీ, ఏ పనైనా విశాఖపట్నం నుంచి మనిషి కొండెక్కి వచ్చి చేస్తే తప్ప ఆయనకి నమ్మకం కుదరదు.

"కంపెనీవోళ్ళని పిలుద్దుమమ్మా," అన్నాడు.

"ఎందుకు సార్? ఆ రెండు భాషలూ అక్కాచెల్లెళ్ళు. నేను మార్చేస్తాను," అంది హేమలత.

"అక్కాసెల్లెళ్ళయితే మరీ బయ్యం. మా ఆవిడా, మా మరదలూ అక్కాసెల్లెళ్ళే. ఒకరు ఒండింది ఒకరు తినరు."

అయినా పని ఆమెకే ఇచ్చాడు. అక్కడి నుంచి మనిషి రావాలంటే సీజన్ సగం అయిపోతుందని ఆయనకీ తెలుసు.

హేమలత ఆ పనిలోకి దిగాక తిండీ నిద్రా మానేసిందని చెబితే బావుంటుంది గానీ, అది నిజం కాదు. హాయిగా తింది, హాయిగా నిద్రపోయింది, మధ్యలో పని చేసింది. అక్కాచెల్లెళ్ళన్న మాట మటుకు నిజమే. మాటలు ఒకటే, వరస ఒకటే. కొన్ని చోట్ల స్వభావాలే తేడా. పాత భాష సర్దుకుపోయే మనిషి. ఊరి పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉన్నా చిన్నక్షరాల్లో ఉన్నా ఒకే ఊరనుకుంటుంది. కొత్తది పట్టింపు మనిషి. అక్షరం సైజు మారితే ఊరే మారిందంటుంది. ఐదుని రెండుతో భాగించమంటే పాతది రెండున్నర ఇస్తుంది. కొత్తది రెండిచ్చి, మిగిలిన సగం గురించి నోరు మెదపదు. ఇలాంటి చోట్లన్నిటినీ హేమలత ఒక్కొక్కటే పట్టుకుంది, పట్టుకున్నప్పుడల్లా కుర్చీలో వెనక్కి వాలి తనని తాను మెచ్చుకుంది.

అన్నీ అయ్యాక పరీక్ష పెట్టింది. కిందటేటి సీజన్ మొత్తాన్ని రెండు మెషీన్లలోనూ నడిపించింది. కిలోలు సరిపోయాయి. రైతుల పేర్లు సరిపోయాయి. ఏ ఊరికి వ్యాను ఎన్నిసార్లు వెళ్ళాలో ఆ మొత్తాలు కూడా ఒక్క ట్రిప్పు తేడా లేకుండా సరిపోయాయి. వరహాలరావు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, "బాగుందమ్మా" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం అరుదు.

అక్కడితో ఆగితే ఇది ఒక ఆఫీసు గొడవ అయ్యేది. కానీ హేమలత ఇంకో చోట కూడా మాటిచ్చి ఉంది.

ఆమెది హుకుంపేట మండలంలో జామపుట్టు. కొండ మీద ఊరు, ఫోను పలకని ఊరు. అక్కడ కాఫీ పండుని ఎప్పట్నుంచో వాకిళ్ళలో ఎండబోసి, ఎండింది సంతలో షావుకారి సర్వేశ్వరరావుకి పోయడమే అలవాటు. ఎర్రటి పండుని కోసిన రోజునే సంఘం యూనిట్‌కి చేరిస్తే అక్కడ తొక్క తీసి, కడిగి, మంచి గింజ చేస్తారు, ధర కూడా ఎక్కువ పలుకుతుంది. రాత్రి కుప్పలో ఉండిపోతే పులిసిపోతుంది. అందుకే వ్యాను రావడమన్నదే మొత్తం వ్యవహారం. వ్యాను రాదని ఊరికి గట్టి నమ్మకం, అందుకే ఇన్నేళ్ళూ ఎవరూ సంఘం మొహం చూడలేదు.

ఆ ఏడు హేమలత ఇంటికి వెళ్ళి, ఆడవాళ్ళందరినీ కూచోబెట్టి చెప్పింది. "ఈ ఏడు పండు సంఘానికే ఇయ్యండి. వ్యాను నాను పంపుతాను."

"రాకపోతే?" అంది వాళ్ళమ్మ గంగమ్మ. కూతురని మొహమాటపడే మనిషి కాదు.

"వస్తది."

"సరే, ఒక్క పాలి సూత్తాం. మొదటి కోతకే వ్యాను రాకపోతే మరి మావోళ్ళు ఒప్పరు. మర్నాడు సంతలో షావుకారికి మాటిచ్చీసి వస్తారు, అంతే. అప్పుడు నాను కూడా ఏటీ సెప్పలేను."

"వస్తదన్నాను కదే అమ్మా," అంది హేమలత.

కోత రోజు ఏదని ఎవరూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవలసిన పని లేదు. ఆ కొండల్లో సంతకి ముందురోజే కోత. సంత రోజు తోటలో అడుగు పెట్టే మనిషి ఉండడు. జామపుట్టు వాళ్ళది హుకుంపేట సంత, శనివారం. కాబట్టి కోత శుక్రవారం. ఇంకో ఊరిది ఆదివారం సంతయితే వాళ్ళ కోత శనివారం. సంఘం వ్యాన్లు కూడా ఈ లెక్క ప్రకారమే తిరుగుతాయి. ప్రతి ఊరికీ పక్కన దాని కోత రోజు ఒక అంకెగా రాసి ఉంటుంది. ఈ రోజు అంకె ఎంత అని క్వెరీ అడుగుతుంది, ఆ అంకె ఉన్న ఊళ్ళని ఏరి డ్రైవర్ల ఫోన్లకి పంపుతుంది.

సీజన్ ఒక శుక్రవారం నాడు మొదలైంది. తెల్లవారుతూనే ఊళ్ళ పేర్లు డ్రైవర్లకి చేరాయి. డ్రైవర్లందరూ ఆ ఏడు కొత్తగా మైదానం నుంచి కిరాయికి వచ్చినవాళ్ళు. ఫోను ఎటు పొమ్మంటే అటు పోతారు. హేమలత ఆఫీసుకొచ్చి, టీ తాగి, కొత్త సర్వర్ వంక పెంపుడు కోడిని చూసినట్టు మురిపెంగా చూసింది. బయట రోడ్డు మీద అరకు సంత జనం అప్పటికే కిటకిటలాడుతున్నారు.

కాసేపటికి ఫోను మోగింది. ఎస్.కోట నుంచి వచ్చిన డ్రైవర్ పోలయ్య.

"హేమలతమ్మా, ఏటమ్మా ఇది? కిత్తలగుడ ఒచ్చినాను. ఒక్క పండూ కొయ్యలేదిక్కడ. అడిగితే నవ్వుతన్నారు. 'రేపు గదా మా కోత, నువ్వేటి ఈయాలే ఒచ్చీసినావు' అంతన్నారు. టీ మాత్రం ఇచ్చినారు."

"కిత్తలగుడా? వాళ్ళది ఆదివారం సంత కదా బాబాయ్."

"నాకేటి తెలుసమ్మా? ఫోనులో ఇదే ఉన్నాది."

హేమలత క్వెరీ తెరిచింది. చదవడం మొదలుపెట్టిన రెండో వరసలోనే చెవులు వేడెక్కాయి. పాత భాషలో వారం రోజుని అంకెగా అడిగితే సోమవారం సున్నా. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ పోతే శుక్రవారం నాలుగు. కొత్త భాషలో అదే ప్రశ్న అడిగితే ఆదివారం సున్నా, శుక్రవారం ఐదు. ఊళ్ళ పక్కన ఉన్నవి పాత అంకెలు. ఐదు అంటే అక్కడ శనివారం. అందుకని కొత్త మెషీన్ శుక్రవారం పూట శనివారం ఊళ్ళకి వ్యాన్లని తోలేసింది. వారం మొత్తం మీద ప్రతి ఊరూ ఒక్కసారి వస్తుంది, మొత్తాలు చక్కగా సరిపోతాయి. ప్రతి ఊరికీ వ్యాను ఒక రోజు ముందు వెళ్ళి వస్తుంది, అంతే.

ఇంత తెలివైన పిల్ల ఇంత చిన్న చోట ఎలా పడింది అంటే, పట్నంలో పుట్టిన పిల్లయితే పడేది కాదేమో. క్యాలెండర్ చూసి పెరిగినవాళ్ళకి వారానికి ఒక మొదలుంటుంది. అది ఆదివారమా సోమవారమా అన్న అనుమానం కూడా వస్తుంది. హేమలత సంతలు చూసి పెరిగింది. ఆమెకి శుక్రవారమంటే అరకు సంత, శనివారమంటే హుకుంపేట సంత. ఏ ఊరివాళ్ళకి వాళ్ళు పోయే సంత నాడే వారం మొదలవుతుంది. వారానికి ఒక ఒకటో రోజుంటుందనీ, రెండు భాషలు దాని మీద తగువు పడతాయనీ ఆమెకి తట్టనే లేదు. అక్షరాల సైజుని పట్టుకుంది, పోయిన సగాన్ని పట్టుకుంది. వారాన్ని మాత్రం తనకి తెలిసిందే కదా అని వదిలేసింది.

సరిదిద్దడానికి ఎంతో సేపు పట్టలేదు. కొత్త భాషలో సోమవారం నుంచి లెక్కపెట్టే మాట ఇంకొకటి ఉంది. అది ఒకటితో మొదలవుతుంది గనక అందులోంచి ఒకటి తీసేస్తే చాలు. మార్చి నడిపించగానే శుక్రవారం ఊళ్ళు వరసగా వచ్చాయి. బిల్లగెడ్డ, రాళ్ళవలస, ఇంకా నాలుగైదు, ఆఖర్న జామపుట్టు. మెషీన్ మాట వింది, బాగానే ఉంది. ఆ ఊళ్ళలో ఇప్పటికే ఆడవాళ్ళు పండు కోస్తూ ఉంటారు. దాన్ని మోసే వ్యాన్లు మాత్రం, పోలయ్యది తప్ప, ఎక్కడెక్కడో కొండల వెనక, ఫోన్లు పలకని చోట ఉన్నాయి.

ఆమె లేచి తిన్నగా వరహాలరావు గదిలోకి వెళ్ళింది.

"సార్, తప్పు జరిగింది. నాదే. వ్యాన్లన్నీ రేపటి ఊళ్ళకి వెళ్ళిపోయాయి."

వరహాలరావు మొహం వాడిపోయింది. "నాను ముందే సెప్పినాను. కంపెనీవోళ్ళని..." అంటూ ఫోను అందుకున్నాడు.

"పిలవండి సార్. వాళ్ళు ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చేసరికి పండు పులుస్తుంది. క్వెరీ బాగుచేసేశాను, ఇంక దాంతో పనిలేదు. నాకిప్పుడు కావలసినవి జీపులు."

"జీపులెక్కడివమ్మా మనకి?"

"ఈ రోజు శుక్రవారం సార్. అరకులో జీపులకేం తక్కువ?"

ఆయనకి ఒక క్షణం పట్టింది అర్థం కావడానికి. చుట్టుపక్కల కొండల నుంచి జనాన్ని సంతకి దింపిన జీపులు సాయంత్రం వాళ్ళని తిరిగి ఎక్కించుకునేదాకా ఖాళీగా పడి ఉంటాయి. డ్రైవర్లు నీడలో పేకాడుకుంటూ ఉంటారు. వరహాలరావు ఫోను బల్ల మీద పెట్టేసి, "పద, నానూ వస్తాను," అన్నాడు. మంచివాడని ముందే చెప్పాను కదా.

సంత మైదానం వెనక జీపులు బారుగా నిలబడి ఉన్నాయి. హేమలత పేక ముక్కల మధ్యకి వెళ్ళి నిలుచుంది. అందులో పెద్దవాడు గాసి, తెల్లారకముందే బయల్దేరి వచ్చినవాడు, ముక్కలు ముయ్యకుండానే తలెత్తాడు.

"సాయంత్రం మా జనాల్ని దింపాలమ్మా. పండు మొయ్యడానికి మాకు టైమేదీ?"

"అన్నా, నువ్వు తేబోయేది నీ జీపెక్కే వాళ్ళ చుట్టాల పండే. మధ్యాహ్నానికి ఎక్కించుకుని యూనిట్ దగ్గర పడేసి మూడింటికల్లా ఇక్కడుంటావు. లేదంటే సాయంత్రం నీ జీపెక్కిన ఆడవాళ్ళందరూ, చుట్టాల కుప్ప పులిసిపోయిందని ఊరు చేరేదాకా నీ చెవుల్లోనే ఏడుస్తారు. నీ ఇష్టం."

గాసి నవ్వి ముక్కలు కింద పడేశాడు. ఒకడు లేస్తే మిగతావాళ్ళూ లేచారు. హేమలత నిలబడే ఊళ్ళు పంచింది. ఎవరు ఏ దారిన పోవాలో, ఎవరు ఎవరి ఊరి మీదుగా రావాలో ఆమెకి కంప్యూటర్ అక్కర్లేకుండానే తెలుసు. ఆఖరికి ఒక్క గట్టి జీపు మిగిలింది. అది జామపుట్టు ఎక్కగలదు గానీ, ఎక్కితే సాయంత్రంలోగా దిగలేదు. కాదనుకుంటే బిల్లగెడ్డ, రాళ్ళవలస రెండూ ముగించుకు రాగలదు.

వరహాలరావు ఆమె వంక చూశాడు. "మీ ఊరు పంపుకోమ్మా. ఎవులూ ఏటీ అనరు."

అనరని ఆమెకీ తెలుసు. ఒక్క నిమిషం ఆ జీపు వంకే చూసింది. మొదటి కోతకే వ్యాను రాకపోతే అన్న అమ్మ మాట చెవిలో వినిపిస్తూనే ఉంది.

"రెండూళ్ళకి పంపండి సార్," అంది. "మా ఊరికి పోలయ్య బాబాయ్ వెళ్తాడు."

పోలయ్య అప్పటికే కిత్తలగుడలో రెండో టీ తాగుతున్నాడు. కిత్తలగుడకీ జామపుట్టుకీ మధ్య అడ్డం ఒక్క కొండే. కాలినడకన దాటేస్తారు. బండికి మాత్రం మొత్తం దిగి మళ్ళీ మొత్తం ఎక్కాలి.

"సాయంత్రం అయిపోద్దమ్మా," అన్నాడు ఫోనులో.

"అవనీ బాబాయ్. చీకటి పడకుండా చేరు. నేనూ వస్తున్నాను."

ఆ తర్వాత హేమలత స్కూటీ తీసుకుని బయల్దేరింది. దారి పొడుగునా వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూసి ఉన్నాయి. చూడడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆమె మాత్రం రోడ్డు మీది గుంతల్ని తప్ప దేన్నీ చూడలేదు. ఒకే మాట నోట్లో తిప్పుకుంటూ పోయింది. వ్యాను దారిలో ఉంది అని చెప్పాలా, లేక జరిగింది చెప్పాలా? మొదటిది అబద్ధం కాదు. అది ఒక్కటి చెబితే చాలు, పరువు నిలబడుతుంది.

జామపుట్టు మొదట్లో రోడ్డు ఆగిపోయే చోట పండు బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. బస్తాల మీదా పక్కనా ఆడవాళ్ళు కూచుని ఉన్నారు. వాళ్ళకి ఎదురుగా షావుకారి సర్వేశ్వరరావు తన జీపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. రేపటి సంతకి పోతూ, పండు సంగతి కనుక్కుందామని కొండెక్కి వచ్చాడు.

"మజ్జాన్నం నుంచీ సెప్తన్నాను," అన్నాడాయన హేమలతని చూసి, మర్యాదగానే. "పండు ఎండలో ఉడికిపోతంది, నా బండిలో ఎయ్యండని. ఇంటేనా? 'మా గంగమ్మ గుంట పంపుతానంది, వస్తది' అంటారు. పోనీ అని నానూ నిలబడ్డాను."

హేమలత ఆడవాళ్ళ వంక చూసింది. పొద్దున్నుంచీ కోసి అలిసిన మొహాలు. ఎదురుగా బండి ఉంది, పోసేస్తే ఇంటికి పోయి నడుం వాల్చొచ్చు. ఆమె మాట పట్టుకుని ఇంతసేపూ ఎండలో కూచున్నారు. ఆఫీసులో చెవులు వేడెక్కినప్పటి సిగ్గు దీని ముందు ఏపాటిది? పరువు సంగతి మర్చిపోయింది.

"పిన్నీ, అత్తా, అందరూ ఇనండి," అంది. "వ్యాను పొద్దున్నే బయల్దేరింది. నానే దాన్ని వేరే ఊరికి పంపీసినాను. కావాలని కాదు. మిషను లెక్క తప్పు రాసినాను. వారానికి ఎన్ని ఊళ్ళో లెక్క సరిగ్గా సూసినాను, ఏ రోజుకి ఏ ఊరో సూడలేదు. తప్పు నాది."

సర్వేశ్వరరావు చేతులు చాచాడు. "సూసినారా? సదువుకున్న పిల్ల, తనే సెప్తంది."

గంగమ్మ బస్తా మీంచి లేవకుండానే కూతురి మొహంలోకి చూసింది.

"అదంతా సరే. ఇప్పుడు వస్తదా, రాదా?"

"వస్తది," అంది హేమలత. మొదట ఈ ఆడవాళ్ళని కూచోబెట్టి అన్నదానికంటే గట్టిగా అంది.

"అయితే కూకో. నిలబడితే బేగి రాదు గదా."

హేమలత తల్లి పక్కనే బస్తా మీద కూచుంది. కొండ నీడ దిగి, చింతచెట్లు దాటి, బస్తాల దాకా వచ్చింది. సర్వేశ్వరరావు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఆయన జీపు వైపు చూసి, గంగమ్మ వైపు చూసి, తల దించుకున్నారు. హేమలత మాట్లాడితే ఎక్కడ బతిమాలినట్టవుతుందోనని నోరు గట్టిగా మూసుకుంది.

మొదట విన్నది గంగమ్మే. కింద మలుపులో బండి గేరు మార్చిన చప్పుడు. తర్వాత అందరికీ వినబడింది. పోలయ్య హారన్ మీద చెయ్యి తియ్యకుండా ఘాటీ ఎక్కి వచ్చాడు.

"ఏటి తల్లీ ఈ దారి!" అంటూ దిగాడు. "మీ కొండకి దండం. బేగి ఎయ్యండి, ఎలుతురుండగా దిగిపోవాల."

బస్తాలు చేతులు మారాయి. హేమలత కూడా చున్నీ నడుముకి చుట్టుకుని మోసింది. ఆఖరి బస్తా ఎక్కాక పోలయ్య తలుపు బిగించి కదిలాడు. యూనిట్‌లో వరహాలరావు స్వయంగా కూచుని ఉన్నాడనీ, ఎంత పొద్దుపోయినా పండు పడ్డాకే ఇంటికి పోతానన్నాడనీ దారిలో కబురొచ్చిందని చెప్పాడు. సర్వేశ్వరరావు జీపెక్కుతూ, "మల్లీ వారం కూడా ఇటే వస్తాను, ఎందుకైనా మంచిది," అని నవ్వాడు. ఆ నవ్వులో నమ్మకం మాత్రం ఇందాకటంత లేదు.

రెండు బళ్ళూ వెళ్ళిపోయాక ఆడవాళ్ళు ఖాళీ బుట్టలు సర్దుకుంటున్నారు. గంగమ్మ చీర కొంగుతో మెడ తుడుచుకుంది.

"మల్లా కోతకి వ్యాను ఏ రోజొస్తదే?"

"సుక్రవారమే అమ్మా."

"సుక్రవారమని మాకు తెలుసే గుంటా. నీ మిషనుకి తెలుసా?"

అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. హేమలత కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"తెలుసు. పొద్దున్నే నేర్పినాను."

"నేర్పినావు సరే. మల్లొకపాలి అడుగు. వారమంతా ఒక్కపాలి కాదు, ఏ రోజుకా రోజు అడుగు," అంది గంగమ్మ. తర్వాత బుట్ట నెత్తిన పెట్టుకుని మిగతావాళ్ళ వైపు తిరిగింది. "రేపు సంతలో షావుకారికి ఎవులూ మాటివ్వకండి. మల్లీ సుక్రవారం పండు కూడా సంఘానికే. పదండి, సీకటడిపోతంది."